చప్పుడు ఆగే చోట



పొద్దున్నే వంటింట్లో మిక్సీ తిరుగుతోందనుకోండి. ఆ రొదలో ఇంకేమీ వినపడదు. పక్క గదిలోంచి పిల్లాడు పిలిచినా వినపడదు. స్విచ్ కట్టేస్తాం. అంతే, కుక్కరు సన్నగా బుసకొట్టడం, కుళాయి చుక్క, వీధిలో కూరలమ్మే ఆయన కేక, అన్నీ ఒక్కసారిగా చెవిన పడతాయి. అవన్నీ అంతకుముందూ ఉన్నవే. కానీ రొద ఆగిన ఆ క్షణంలో వాటికి ఒక పదును వస్తుంది. మిక్సీ అసలు తిరక్కపోయుంటే ఆ కుళాయి చుక్కను మనం పట్టించుకోం.

ఈ చిన్న సంగతి కాసేపు గుర్తుపెట్టుకోండి. ఈ రోజు నేను ఒక అమెరికన్ ఆల్బమ్ గురించి చెప్పబోతున్నాను. 1990లో వచ్చింది. పేరు 'నో డిప్రెషన్'. పాడినవాళ్లు ముగ్గురు కుర్రాళ్లు. వాళ్ల బ్యాండు పేరు అంకుల్ టుపెలో. అది వాళ్ల తొలి ఆల్బమ్. ఆ పాటల్ని ఎలా వినాలో నాకు ఒకే ఒక్క మాటలో తెలిసింది. చప్పుడు ఆగే చోట వినాలి.

ఆ మాట నాకు చెప్పింది మా మేనల్లుడు. వాడు సెయింట్ లూయిస్‌లో చదువుకునే రోజుల్లో సెలవులకి ఇంటికొచ్చాడు. పెట్టెలోంచి మిఠాయిలు, చాక్లెట్లతో పాటు ఒక సీడీ తీశాడు. "అత్తా, నువ్వు పాటలు వింటావుగా, ఇది విను" అన్నాడు. పెట్టాను. మొదటి పాట మొదలైంది. గిటార్లు గరగరమన్నాయి. డ్రమ్ములు దబదబా పడ్డాయి. రెండు నిమిషాలు ఓపిక పట్టి కట్టేశాను. నేను సుశీల గారి పాటలు విని పెరిగినదాన్ని. ఇది నాకు గోలగా అనిపించింది. వాడు ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ, "అత్తా, గోల జరుగుతున్నప్పుడు వినకు. గోల ఆగుతుంది చూడు, అక్కడ విను" అన్నాడు.

మళ్లీ పెట్టాను. ఈసారి ఆగే చోటు కోసం కాచుకుని కూర్చున్నాను.

ఏం వినపడిందో చెప్పేముందు, ఈ కుర్రాళ్ల ఊరు చెప్పాలి. ఊరు తెలియకపోతే ఈ పాటలు సగమే తెలుస్తాయి.

మిస్సిసిపీ నదికి పడమటి ఒడ్డున సెయింట్ లూయిస్ నగరం. అది మిస్సోరీ రాష్ట్రం. వంతెన దాటి తూర్పుకి వస్తే ఇల్లినాయ్ రాష్ట్రం. అక్కడ కొద్ది మైళ్ల లోపలికి బెల్‌విల్ అనే ఊరు. ఆ రోజుల్లో 40 వేల పైచిలుకు జనాభా. ఒకప్పుడు చుట్టూ బొగ్గు గనులు. ఊళ్లో పొయ్యిలు పోతపోసే ఫౌండ్రీలు. స్టాగ్ అనే బీరు తయారుచేసే కర్మాగారం. గనులు తగ్గిపోయాయి. ఫౌండ్రీలు మూతపడ్డాయి. 1988లో ఆ బీరు కర్మాగారం కూడా మూసేశారు. మన దగ్గర జూట్ మిల్లో, చక్కెర ఫ్యాక్టరీయో మూతపడిన ఊరిని ఒక్కసారి తలచుకోండి. సైరన్ మోగదు. గేటు ముందు టీ బంకు ఉంటుంది, టీ తాగేవాళ్లు ఉండరు. ఆ ఊరి కుర్రాళ్లు సాయంత్రం పూట ఏం చేస్తారు? ఎక్కడ కూర్చుంటారు? పెద్దయ్యాక ఏ గేటులోకి వెళ్తారు? ఈ ఆల్బమ్‌లో పాటలన్నీ దాదాపు ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

ముగ్గురూ ఆ ఊళ్లో హైస్కూలు నాటి స్నేహితులే. జే ఫెరార్ గిటారు వాయించి పాడతాడు. జెఫ్ ట్వీడీ బేస్ గిటారు వాయిస్తాడు, అతనూ పాడతాడు. మైక్ హైడోర్న్ డ్రమ్ములు. మొదట్లో 'ద ప్రిమిటివ్స్' అని పేరు పెట్టుకున్నారు. అదే పేరుతో ఇంకో బ్యాండు ఉందని తెలిసి మార్చుకున్నారు. కొత్త పేరు కోసం డిక్షనరీలోంచి రెండు మాటలు అటూ ఇటూ ఏరి కలిపారు. అలా అంకుల్ టుపెలో అయింది. 1987లో ఆ పేరుతో మొదలుపెట్టారు. నది దాటి సెయింట్ లూయిస్‌లో సిసిరోస్ అనే చోట, భవనం కింద నేలమాళిగలో పాడేవాళ్లు. ట్వీడీ అదే నగరంలో ఒక రికార్డుల షాపులో పనిచేసేవాడు. పాత రికార్డులు, కొత్త రికార్డులు పొద్దస్తమానం అతని చేతుల మీదుగా పోయేవి.

ఇక్కడ రెండు మాటలు వివరించాలి. పంక్, కంట్రీ.

పంక్ అనేది 1970ల్లో న్యూయార్కులో, లండన్‌లో పుట్టిన పాట. రెండు నిమిషాల పాట, మూడే మూడు స్వరగుచ్ఛాలు, దూకుడు లయ. పదేళ్లు సాధన చేశాకే వేదిక ఎక్కాలనే నియమం దానికి లేదు. చెప్పాల్సింది ఉంటే ఇవాళే ఎక్కి చెప్పెయ్ అంటుంది.

కంట్రీ దీనికి పూర్తిగా ఎదురు. అపలేషియన్ కొండల్లో రైతులు, గనుల్లో పనిచేసేవాళ్లు, చర్చిలో పాడుకునేవాళ్లు తరాలుగా దాచుకున్న పాట. చావు, రైలు, తల్లి, దేవుడు, మందు, అప్పు. పెద్దవాళ్ల పాట. 1980ల్లో అమెరికన్ కుర్రాడు పంక్ వింటే కంట్రీని ముసలి పాట అనుకునేవాడు. కంట్రీ వినేవాళ్లకి పంక్ వట్టి అల్లరి.

బెల్‌విల్ కుర్రాళ్లు రెండూ విన్నారు. కాలిఫోర్నియాలో మినిట్‌మెన్ అని ఒక పంక్ బ్యాండు ఉండేది. వాళ్ల పాటలు ఉన్నట్టుండి ఆగుతాయి, ఉన్నట్టుండి మొదలవుతాయి. ఆ బ్యాండంటే వీళ్లకి ప్రాణం. ఆ ఆగడాన్ని అక్కడ నేర్చుకున్నారు. నేర్చుకుని, ఆగిన చోట కంట్రీ పాటను పెట్టారు. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. దూకుడు పంక్‌ది. నిశ్శబ్దం కంట్రీది. ఆ రెండూ కలిసే గీత దగ్గర మన చెవి పెట్టాలి.

1990 జనవరిలో ముగ్గురూ బోస్టన్ వెళ్లారు. ఫోర్ట్ అపాచీ అనే స్టూడియో. రికార్డు చేసినవాళ్లు షాన్ స్లేడ్, పాల్ కోల్డరీ అనే ఇద్దరు. మొత్తం 10 రోజులు. ఖర్చు 3,500 డాలర్లు. ఆనాటి మారకం లెక్కన మన డబ్బుల్లో సుమారు 60 వేల రూపాయలు. 13 పాటలు. రాక్‌విల్ అనే చిన్న రికార్డు కంపెనీ వాటిని జూన్ 21న విడుదల చేసింది.

పది రోజుల్లో 13 పాటలంటే మెరుగు పెట్టే సమయం ఉండదు. గొంతు జీరపోతే పోయింది. గిటారు తీగ గీరుకుంటే గీరుకుంది. అలాగే ఉంచేశారు. డబ్బు లేక అలా వదిలేశారు అనుకుంటాం. కొంత నిజం. కానీ ఇంకో సంగతి ఉంది. అదే స్టూడియోలో అంతకుముందు డైనోసార్ జూనియర్ అనే బ్యాండు 'బగ్' అనే ఆల్బమ్ చేసింది. దాంట్లో గిటారు మోత ఈ కుర్రాళ్లకి బాగా నచ్చింది. కావాలని అదే గిటారు తెప్పించుకుని వాయించారు. అంటే ఆ గరుకుదనాన్ని ఏరికోరి తెచ్చుకున్నారు.

మన ఇళ్లల్లో రోటి పచ్చడి ఉంటుంది. రోట్లో దంచితే వెల్లుల్లి పలుకు అక్కడక్కడా మిగులుతుంది. పంటి కింద తగులుతుంది. తగిలినప్పుడు ఘాటు నషాళానికి అంటుతుంది. అదే పచ్చడి మిక్సీలో వేస్తే మెత్తగా అవుతుంది. రుచి అంతటా సమానంగా పరుచుకుంటుంది. ఏ ముద్ద తిన్నా ఒకటే. మా అమ్మ అనేది, పలుకు తగలకపోతే పచ్చడెందుకని. ఈ ఆల్బమ్‌లో పలుకులు మిగిల్చారు. ఆ పలుకు తగిలే చోటు ఎక్కడో చెబుతాను.

మొదటి పాట పేరు 'గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్'. మాటకు మాట చూస్తే శ్మశానం షిఫ్టు. అమెరికాలో అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా చేసే డ్యూటీని అలా అంటారు. మనం నైట్ షిఫ్టు అంటాం, సి షిఫ్టు అంటాం. ఊరంతా పడుకున్నాక ఫ్యాక్టరీ గేటులోకి వెళ్లే మనిషి పాట ఇది. పాట పరిగెత్తుతుంది. గిటారు, బేస్, డ్రమ్ములు ముగ్గురూ కలిసి ఒకటే ఊపు. ధన్ ధన్ ధన్ ధన్. టక్కున ఆగుతుంది. ఒక రెప్పపాటు ఏమీ ఉండదు. మళ్లీ ముగ్గురూ ఒక్కసారే దూకుతారు.

ఆ రెప్పపాటులో చెవి పెట్టండి. ముగ్గురూ కలిసి ఆగడం ఎంత కష్టమో చూడండి. కలిసి వాయించడం కంటే కలిసి ఆగడం కష్టం. మన భజన బృందంలో తాళాలు వేసేవాళ్లకి ఇది బాగా తెలుసు. అందరూ ఊపులో ఉంటారు. ముక్తాయింపు దగ్గర ఒక్కడి తాళం ఆలస్యమైతే చాలు, గదంతా తెలిసిపోతుంది. ఈ ముగ్గురూ అక్కడ తడబడరు. వాయించడం రానివాళ్లు గోల చేస్తున్నారని మొదట అనుకున్నాను. ఆ ఒక్క ఆగడం విన్నాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. నేలమాళిగలో రాత్రుళ్లు ఎన్నిసార్లు కలిసి వాయిస్తే అలా కలిసి ఆగగలుగుతారు!

ఇక ఆరో పాట. 'విస్కీ బాటిల్'. ఈ ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట ఇది.

పాట చాలా నెమ్మదిగా మొదలవుతుంది. మామూలు చెక్క గిటారు. దాని వెనక సన్నగా ఒక తీగ జారుతూ ఉంటుంది. అది పెడల్ స్టీల్. రేడియో వినేవాళ్లకి ఆ జారుడు కొత్త కాదు. సునీల్ గంగూలీ గారు హవాయిన్ గిటారు మీద వాయించిన హిందీ సినిమా పాటలు గుర్తుండే ఉంటాయి. తీగను వేలితో నొక్కరు. లోహపు ముక్కను తీగ మీద జార్చుతారు. స్వరం మెట్లు దిగదు, జారుడుబల్ల మీద జారినట్టు వస్తుంది. ఆ హవాయి వాద్యమే అమెరికాలో మారుతూ మారుతూ పెడల్ స్టీల్ అయింది. కంట్రీ పాటలో ఏడుపు పనంతా దానిదే.

ఆ మెత్తటి జారుడు మీద ఫెరార్ పాడతాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. గొంతు మాత్రం అరవై ఏళ్ల మనిషిది. బరువుగా, కింద నుంచి వస్తుంది. ఊరు విసిగించిందంటాడు. దేవుడి దగ్గరికి వెళ్లడమా, సీసా దగ్గరికి వెళ్లడమా అన్నప్పుడు ప్రస్తుతానికి సీసా అంటాడు. ఎప్పటికీ ఇలాగే ఉండననీ అంటాడు. తాగే మనిషి ఉన్న ఇంట్లో పెరిగిన ఎవరికైనా ఈ మాట తెలుసు. ఇవాళ్టికే, రేపట్నుంచి మానేస్తాను. ఆ మాట ఎన్ని వేల సాయంత్రాలు వినుంటారు!

సరిగ్గా ఆ మాట దగ్గర పాట బద్దలవుతుంది. కరెంటు గిటార్లు గోడ కూలినట్టు మీద పడతాయి. మెత్తదనమంతా పోతుంది. పల్లవి అంతా ఆ హోరులోనే. తర్వాత హోరు ఆగుతుంది. మళ్లీ చెక్క గిటారు. మళ్లీ ఆ జారే తీగ. మళ్లీ ఆ ముసలి గొంతు.

ఇక్కడే వినండి. హోరు ఆగి, చెక్క గిటారు తిరిగొచ్చే చోట. అవే తీగలు, అదే రాగం. కానీ మొదటిసారి విన్నప్పుడున్న ప్రశాంతత ఇప్పుడు ఉండదు. ఇంట్లో పెద్ద గొడవ జరిగి, అందరూ అరిచి అరిచి ఆగిపోయాక, అమ్మ వంటింట్లోకి వెళ్లి ఒక్కో గిన్నే సర్దుతున్న చప్పుడు. రోజూ వినే గిన్నెల చప్పుడే అది. ఆ రోజు మాత్రం వేరేగా వినిపిస్తుంది. హోరు లేకపోతే ఈ పాట చక్కటి విషాద గీతంగా మిగిలేది. హోరు మాత్రమే ఉంటే కోపంగా మిగిలేది. రెండూ పక్కపక్కన ఉండబట్టి ఒక మనిషి కనిపిస్తాడు.

తాగుడు పాటలంటే నాకు పడదు. సీసాను నెత్తిన పెట్టుకుని ఊరేగే పాటలు చాలానే ఉన్నాయి. ఇది అలాంటిది కాదు. ఇందులో సీసా మీద మోజు లేదు. ఊళ్లో వేరే తలుపు తెరుచుకోలేదన్న బాధ ఉంది.

ఇప్పుడు ఆల్బమ్ పేరు గురించి. 'నో డిప్రెషన్'. ఈ రోజుల్లో డిప్రెషన్ అనగానే మనసుకు వచ్చే జబ్బు గుర్తొస్తుంది. ఇక్కడ అర్థం వేరు. 1929లో అమెరికాలో మొదలైన మహా ఆర్థిక మాంద్యం. బ్యాంకులు కూలాయి. పనులు పోయాయి. పొలాలు వేలానికి వచ్చాయి. ఆ రోజుల్లో పుట్టిన ఒక భక్తి పాట పేరే ఈ ఆల్బమ్‌కి పెట్టారు. ఈ లోకంలో ఎటు చూసినా మాంద్యమే, స్వర్గంలో అది ఉండదు, నేను అక్కడికి వెళ్తాను అని పాడుకుంటారు. రాసింది జేమ్స్ డి. వాన్ అంటారు. టెనెసీ రాష్ట్రంలో చర్చి పాటల పుస్తకాలు అచ్చువేసిన మనిషి. పాటను లోకానికి వినిపించింది కార్టర్ కుటుంబం. వాళ్లు 1936లో దీన్ని రికార్డు చేశారు.

కార్టర్ కుటుంబం గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ముగ్గురు. ఏ.పీ. కార్టర్, ఆయన భార్య సారా, ఆయన తమ్ముడి భార్య మేబెల్. వర్జీనియా కొండల్లో ఉండేవాళ్లు. 1927లో బ్రిస్టల్ అనే ఊళ్లో మొదటిసారి రికార్డింగు యంత్రం ముందు పాడారు. ఏ.పీ. ఊరూరూ తిరిగి పాత పాటలు సేకరించేవాడు. ఆయనతో లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు తిరిగేవాడు. ఆయన మాటలు రాసుకునేవాడు, రిడిల్ బాణీని మనసులో పెట్టుకునేవాడు. మేబెల్ గిటారు వాయించే తీరు ఇంకా గొప్పది. బొటనవేలితో లావు తీగల మీద పాట నడిపేది. మిగతా వేళ్లతో సన్న తీగల మీద తాళం వేసేది. ఒక్క చేత్తో ఇద్దరు మనుషుల పని. తర్వాత అమెరికాలో గిటారు పట్టుకున్నవాళ్లలో చాలామంది అలా వాయించడం ఆమె నుంచే నేర్చుకున్నారు.

ఇంకో సంగతి, ఇది రేడియో కాబట్టి చెప్పి తీరాలి. 1930ల చివర్లో కార్టర్ కుటుంబం మెక్సికో సరిహద్దులో ఎక్స్‌ఈఆర్‌ఏ అనే రేడియో స్టేషను కోసం పాడింది. అమెరికాలో అనుమతించిన శక్తి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ శక్తితో ఆ స్టేషను పలికేది. రాత్రి పూట ఆ పాట సరిహద్దు దాటి, మైదానాలు దాటి, వేల మైళ్ల దూరంలోని ఇళ్లకు చేరేది. పొలం పోయినవాడు, పని పోయినవాడు చీకట్లో రేడియో పక్కన కూర్చుని వినేవాడు. పాట చేరాలంటే దారి ఏదో ఒకటి దొరుకుతుంది.

ఆ పాట 54 ఏళ్ల తర్వాత బెల్‌విల్ కుర్రాళ్ల దగ్గరికి చేరింది. బీరు కర్మాగారం మూతపడిన రెండేళ్లకి. వాళ్లు దాన్ని ఎలా పాడారో వినండి. ఇక్కడ హోరు లేదు. వెక్కిరింపు అంతకన్నా లేదు. పాతకాలం పాట కదా, కాస్త ఆటపట్టిద్దాం అనుకోలేదు. నిటారుగా నిలబడి పాడినట్టు పాడారు. ఇది ఆల్బమ్‌లో నాలుగో పాట. ముందు మూడు పాటలూ మోత. ఆ మూడింటి తర్వాత ఈ పాట వచ్చినప్పుడు వంటింట్లో మిక్సీ ఆగినట్టే ఉంటుంది. చూశారా, ఒక్క పాట లోపలే కాదు, పాటకూ పాటకూ మధ్య కూడా వాళ్లు ఆగుతున్నారు. ఆగే చోట అరవై ఏళ్ల కిందటి కష్టం వినిపిస్తోంది. వెంటనే ఐదో పాట, 'ఫ్యాక్టరీ బెల్ట్'. ఆ బెల్టు పక్కన నిలబడి బతుకు వెళ్లదీయలేనని అరిచే పాట. మళ్లీ మోత. తాతల పాట, మనవడి పాట పక్కపక్కనే పెట్టారు. రెండింటిలోనూ కష్టం ఒకటే.

ఎనిమిదో పాట 'ట్రైన్'. దీన్ని ట్వీడీ పాడతాడు. అతని గొంతు లేతది, కాస్త పగులుతుంది. లెవెల్ క్రాసింగ్ దగ్గర ఒక కుర్రాడు ఆగి ఉన్నాడు. గేటు పడింది. గూడ్సు బండి పోతోంది. బోగీల మీద సైన్యం సామాను. ఆ కుర్రాడికి 21 ఏళ్లు. యుద్ధం వస్తే నన్నూ తీసుకుపోతారేమో అని భయం వేస్తుంది. అమెరికాలో సైన్యంలోకి బలవంతపు పిలుపు 1973లోనే ఆగింది. కానీ అప్పట్లో 18 ఏళ్లు నిండిన ప్రతి కుర్రాడూ పేరు మాత్రం నమోదు చేసుకోవాల్సి వచ్చేది. పిలుపు వస్తే ఆ జాబితాయే తీస్తారు. అందుకే ఆ భయం.

గేటు దగ్గర మనం అందరం ఆగినవాళ్లమే. బండి పోతున్నంతసేపూ పక్కనున్న మనిషితో మాట్లాడలేం. ఎవరి ఆలోచనలో వాళ్లుంటాం. చివరి బోగీ పోయాక ఒక్క క్షణం ఉంటుంది. గేటు ఇంకా లేవలేదు. చప్పుడు లేదు. ఆ క్షణంలో ఏ ఆలోచన మిగిలి ఉంటుందో అదే ఈ పాట.

ఆల్బమ్ జూన్‌లో వచ్చింది. ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వెళ్లింది. బెల్‌విల్ కుర్రాడి భయం నిజమయ్యేలా కనిపించింది. అదే ఆగస్టులో మన కడప జిల్లాలో, గోదావరి జిల్లాల్లో ఇళ్లు ఎలా ఉన్నాయో చాలామంది శ్రోతలకు గుర్తుంటుంది. కువైట్‌లో పనికి వెళ్లిన మనిషి జాడ తెలియదు. ఫోను కలవదు. సాయంత్రం రేడియో వార్తల వేళకి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరేవాళ్లు. వార్తలకు ముందు వచ్చే ఆ రెండు క్షణాల నిశ్శబ్దం! ఆ తర్వాత ఎయిర్ ఇండియా విమానాలు అమ్మాన్ నుంచి లక్ష మందికి పైగా మనవాళ్లను తీసుకొచ్చాయి. ఇల్లినాయ్ గేటు దగ్గర ఆగిన ఆ కుర్రాడికి మన సంగతి తెలియదు. మనకి అతని సంగతి తెలియదు. భయపడింది మాత్రం ఒకే సంగతికి.

ఈ ఆల్బమ్‌ను మెచ్చుకునేవాళ్లు కొందరు కంట్రీని, పంక్‌నీ కలిపింది వీళ్లే మొదట అంటారు. అది సరికాదు. 1980ల్లోనే నాష్‌విల్‌లో జేసన్ అండ్ ద స్కార్చర్స్ అనే బ్యాండు ఆ పని చేసింది. ఇంగ్లండులో మెకాన్స్ అనే బ్యాండు 1985లో 'ఫియర్ అండ్ విస్కీ' అనే ఆల్బమ్ చేసింది. ఆ గౌరవం వాళ్లకి ఇవ్వాలి. అయినా వీళ్ల దగ్గర నాకు నచ్చేదేమిటంటే, కొండల పాటను ఎక్కడి నుంచో తెచ్చి అతికించినట్టు ఉండదు. మూతపడిన ఊళ్లో కూర్చుని పాడితే ఆ పాట వాళ్లదే అయిపోయింది.

లోపాలు లేవా? ఉన్నాయి. రెండో సగంలో ఒకటి రెండు పాటలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఫెరార్ గొంతు ముందు ట్వీడీ గొంతు అప్పటికింకా కుదురుకోలేదు. తర్వాతి ఏళ్లలో అతనిదే పైచేయి అయింది, అది వేరే కథ.

మొదటి ఏడాదిలో 15 వేల కాపీలు అమ్ముడయ్యాయి. పెద్ద కంపెనీల లెక్కలో అది చిన్న సంఖ్యే. కానీ 1995లో సియాటిల్‌లో ఇద్దరు సంపాదకులు ఒక సంగీత పత్రిక పెట్టారు. దానికి 'నో డిప్రెషన్' అనే పేరే పెట్టారు. ఆల్టర్నేటివ్ కంట్రీ అని పిలిచే పాటల బాటకే కొన్నాళ్లు ఆ పేరు స్థిరపడింది. మాంద్యంలో పుట్టిన ఒక భక్తి పాట పేరు, ఇద్దరి ముగ్గురి చేతులు మారి, అక్కడిదాకా వచ్చింది. అప్పటికి బ్యాండు లేదు. ఫెరార్‌కీ ట్వీడీకీ పొసగలేదు. 1994లో విడిపోయారు. ఫెరార్ సన్ వోల్ట్ అనే బ్యాండు పెట్టాడు. ట్వీడీ విల్కో పెట్టాడు. ఆ ఇద్దరూ ఈనాటికీ పాడుతున్నారు, ఎవరి దారిన వాళ్లు.

ఆఖరి రెండు పాటల గురించి చెప్పి ముగిస్తాను.

పన్నెండోది 'స్క్రీన్ డోర్'. స్క్రీన్ డోర్ అంటే మన ఇళ్లల్లో దోమలు రాకుండా పెట్టే జాలీ తలుపు. వరండాలో కూర్చున్న మనుషుల పాట ఇది. ఇక్కడ అందరం ఒకే రకం పేదవాళ్లం, స్నేహితులు వస్తారు, కూర్చుంటారు, పాడుకుంటాం. అంతకు మించి ఏమీ లేదు. కోపం లేదు. మన వీధి అరుగు మీద సాయంత్రం కూర్చున్నట్టు ఉంటుంది. అంత మోత తర్వాత ఆల్బమ్ ఈ అరుగు దగ్గరికి వచ్చి ఆగుతుంది.

అక్కడితో అయిపోయిందనుకుంటాం. అయిపోదు. పదమూడో పాట 'జాన్ హార్డీ' వస్తుంది. జాన్ హార్డీ నిజంగా బతికిన మనిషి. వెస్ట్ వర్జీనియా గనుల దగ్గర పనిచేసిన నల్లజాతి కూలీ. జూదం దగ్గర గొడవలో ఒక మనిషిని చంపాడు. 1894 జనవరిలో వెల్చ్ అనే ఊళ్లో ఉరి తీశారు. జనం అతని మీద పాట కట్టుకున్నారు. మన పల్లెల్లో జరిగిన ఘోరం మీద బుర్రకథ కట్టినట్టు. కార్టర్ కుటుంబమూ ఆ పాట పాడింది. ఈ కుర్రాళ్లు దాన్ని పంక్ వేగంతో పాడారు. వందేళ్ల నాటి ఉరి కథ పరుగు మీద వస్తుంది.

మీకు వినాలనిపిస్తే ఒక మాట. మొదటి పాటతో మొదలుపెట్టకండి. నేను అలా మొదలుపెట్టి రెండు నిమిషాల్లో కట్టేశాను. ఆరో పాటతో మొదలుపెట్టండి. 'విస్కీ బాటిల్'. రాత్రి, ఇంట్లో పనులయ్యాక, ఫ్యాన్ చప్పుడు కూడా వద్దనుకుంటే కట్టేసుకుని కూర్చోండి. భాష అర్థం కాకపోయినా ఫర్వాలేదు. ఒక్క పనే చేయండి. హోరు మీద పడినప్పుడు చెయ్యి సౌండు మీటకి పోతుంది. పోనివ్వకండి. ఆగండి. కొంతసేపట్లో అదే ఆగుతుంది. చెక్క గిటారు తిరిగొస్తుంది. వెనకాల ఆ సన్నటి తీగ జారుతుంది.

అది వినపడ్డాక నాలుగో పాట పెట్టండి. 1936 నాటి ఆ పాట. దాని తర్వాతే మొదటి పాటకి వెళ్లండి.